డిమెన్షియా ఉన్న ఇంట్లోకి కరోనా వచ్చినప్పుడు

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. తలుపులు వేసుకుని ఎందుకు కూర్చున్నామో మనకు తెలుసు, కానీ డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, ఉన్న పెద్దాయనకు అది పొద్దున చెబితే కాసేపటికే గుర్తుండదు. చెప్పులేసుకుని గేటు దగ్గరికి వెళ్తారు, గుడికి ఎందుకు వెళ్లనివ్వవని కోడలి మీద కేకలేస్తారు. ఆవిడ మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. అలా రోజుకు ఎన్నిసార్లు చెప్పారో, ఎన్ని నెలలు చెప్పారో ఎవరూ లెక్కపెట్టలేదు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి, అంటే వందలో ఏడుగురికి పైగా, డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. వీళ్లలో చాలామందికి జబ్బు పేరు కూడా తెలియదు, పెద్దతనం, చాదస్తం అనుకుని ఊరుకుంటారు. చూసుకునేది ఎక్కువగా భార్య, కూతురు, కోడలు.

ఆ పెద్దాయన మొండితనం వెనక మెదడులో జరుగుతున్నదేమిటో ఒకసారి చూడాలి. కొత్త సంగతులను జ్ఞాపకంగా మార్చేది హిప్పోకాంపస్ అనే చిన్న భాగం. డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్, అందులో సాధారణంగా తొలిరోజుల్లోనే దెబ్బతినేది అదే. వైరస్, మాస్క్, ఆరడుగుల దూరం, అన్నీ కొత్త సంగతులే కాబట్టి ఏదీ నిలవదు. ఏళ్ల తరబడి చేసిన అలవాట్లు మాత్రం మెదడులో వేరే దారుల మీద ఆధారపడతాయి, అవి చాలాకాలం మిగిలుంటాయి. అందుకే నిన్న ఏం తిన్నారో చెప్పలేనివాళ్లు కూడా పొద్దున్నే కాఫీ తాగి, పేపర్ తిరగేసి, రోజూ నడిచే దారిలో గుడికి వెళ్లి వచ్చేస్తారు. సగం పని ఆ దినచర్యే చేసిపెడుతుంది. లాక్‌డౌన్ ఆ దినచర్యను ఒక్క రోజులో లాగేసింది, వైరస్ సోకనివాళ్లకు కూడా జరిగిన అతిపెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం.

నిద్ర సంగతీ అంతే. రాత్రీ పగలూ తేడా చెప్పే గడియారం మెదడులో ఒకటుంది, దాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుతురు. అల్జీమర్స్‌లో ఆ గడియారం ముందే బలహీనపడి ఉంటుంది, పైగా రోజంతా గదిలోనే ఉంటే సాయంత్రమయ్యేసరికి కంగారు, రాత్రంతా మెలకువ, తిరగడం. ఆయన మేలుకుంటే ఆవిడా మేలుకోవాలి. పొద్దున్నే ఒక అరగంట డాబా మీదో బాల్కనీలోనో కూర్చోబెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ చాలామందికి ఉపయోగపడేది అదే.

చేతులు కడిగించడానికి కూడా పాత అలవాటే ఆసరా. వైరస్ గురించి పాఠం చెప్పేకంటే, బయటినుంచి రాగానే 'కాళ్లూ చేతులూ కడుక్కుందాం రండి' అని తోడుగా వెళ్లి, మనమూ పక్కన నిలబడి కడుక్కుంటే చాలావరకు పని జరిగిపోతుంది. మాస్క్‌తో ఇబ్బంది వేరు. మొహాలు గుర్తుపట్టడమే కష్టమైనవాళ్లకు సగం మొహం కప్పేస్తే సొంత కూతురు కూడా దొంగలా కనిపించొచ్చు, వినికిడి తగ్గినవాళ్లకు పెదాల కదలిక అందదు. గదిలోకి వస్తూనే 'నాన్నా, నేను' అని పేరు చెప్పి పలకరించడం వల్ల ఆ భయం కొంత తగ్గుతుంది.

ఇక టీవీ. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ఏడిపించే సినిమా ముక్కలు, నవ్వించే ముక్కలు చూపించారు. చూసినదేమిటో వాళ్లకు దాదాపు గుర్తులేదు, కానీ ఆ దిగులు, ఆ సంతోషం అరగంట వరకూ మిగిలే ఉన్నాయి. రోజంతా చావుల లెక్క చెప్పే ఛానెల్ నడిచిన ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో ఊహించండి. వార్త మరుపున పడుతుంది, భయం ఉంటుంది, ఎందుకో చెప్పుకోవడం రాదు. మనం విసుగుతో అరిచిన అరుపు విషయంలోనూ జరిగేది ఇదే. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు, నెలల తరబడి నిద్రలేనివాళ్లకు విసుగు రాకుండా ఉండదు.

అందరికీ తెలియాల్సిన మరో విషయం: ఇలాంటి పెద్దవాళ్లలో కోవిడ్ జ్వరంతోనే మొదలవ్వాలని లేదు. అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన 817 మంది వృద్ధ కోవిడ్ రోగులను పరిశీలిస్తే 28 శాతం మందిలో డెలీరియం, మనవాళ్లు సంధి అంటారే, అది కనిపించింది. వాళ్లలోనూ మూడోవంతుకు పైగా మందికి జ్వరం, ఆయాసం లాంటి మామూలు లక్షణాలే లేవు. డిమెన్షియా నెలల మీద ముదురుతుంది, డెలీరియం గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో వస్తుంది. నిన్నటిదాకా కూర్చుని అన్నం తిన్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి మగతగా పడుకున్నా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నా 'జబ్బు ముదిరింది' అని సరిపెట్టుకోకూడదు. ఆక్సీమీటర్ పెట్టి చూడాలి, డాక్టర్‌కు చెప్పాలి. ఆ తేడా పట్టుకోగలిగేది రోజూ చూసే మనిషే.

రాత్రి నిద్రపోవడం లేదని సొంతంగా మాత్రలు వేయడం మాత్రం ప్రమాదం. డిమెన్షియా ఉన్న వృద్ధులకు కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు, అంటే భ్రమలు లాంటి తీవ్ర మానసిక రోగాలకు ఇచ్చేవి, వాడితే మరణించే ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. డాక్టర్ ఇస్తే వేరు, పక్కింటివాళ్లు చెప్పారని వేయకూడదు. లాక్‌డౌన్ మొదలైన రోజునే మన దేశంలో టెలిమెడిసిన్, అంటే ఫోన్‌లోనో వీడియోలోనో డాక్టర్ చేసే వైద్యం, మార్గదర్శకాలు వచ్చాయి, అందులో రోగి తరఫున ఇంట్లో చూసుకునేవాళ్లే డాక్టర్‌తో మాట్లాడవచ్చని, ఉదాహరణగా డిమెన్షియా పేరు పెట్టి మరీ రాశారు. ఎంత అవసరమైన మాట అది! కానీ ఎంతమంది కోడళ్లకు, కూతుళ్లకు ఆ సంగతి చేరిందో అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ రోజుల్లో వాళ్లకు అందిన సాయం చాలా తక్కువ. ఆయాలు రాలేదు, బంధువులు రాలేదు, అమెరికాలో ఉన్న కొడుకు విమానాలు ఆగిపోయి రాలేక వీడియో కాల్‌లో 'అమ్మా, ఎలా ఉన్నావ్' అంటుంటే, ఆ ఫోన్‌లో మనిషెవరో ఆ తల్లికి అర్థం కాక పక్కకు తిరిగిపోయేది. కోవిడ్ వార్డుల్లో చాలాచోట్ల తోడు మనిషిని ఉండనివ్వలేదు, తన పేరు, తనకు పడని మందు చెప్పుకోలేని మనిషి అక్కడ ఒంటరిగా ఉండాల్సి వచ్చింది. అన్నిటికీ మించిన టెన్షన్ ఇంకోటి: నాకే వస్తే ఈయన్ని ఎవరు చూస్తారు?

ఆ ప్రశ్నకు జవాబు ముందే తయారుగా ఉండాలి, మహమ్మారి లేని రోజుల్లో కూడా. ఏ మందు ఎప్పుడు, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, దేనికి భయపడతారు, ఏం పెడితే తింటారు, ఏ పాట వింటే నెమ్మదిస్తారు, ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఒకటి ఫ్రిజ్ మీద అంటించి, ఇంకోటి ఆస్పత్రి ఫైల్లో పెట్టండి. ఇంట్లో రెండో మనిషి, కొడుకైనా మనవడైనా సరే, వారానికి ఒక రాత్రి పూర్తిగా తనే చూసుకుని ఆ పని నేర్చుకోవాలి. పెద్దవాళ్ల కోసం ఎల్డర్‌లైన్ 14567, చూసుకునేవాళ్ల మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే, ఆ నంబర్లు కూడా అదే కాగితం మీద రాయండి.