హైతీ బడికి చెన్నై చందా: లెక్క ఎక్కడ తప్పుతుంది

నెల్లూరు, ఒంగోలు మిషన్ హాస్టళ్ళలో చదివి చెన్నైలో స్థిరపడిన కుటుంబాలకి స్పాన్సర్ (ఒక పిల్లవాడి చదువుకి దూరాన్నుంచి డబ్బు కట్టే దాత) అన్న మాట కొత్త కాదు. ఒక ఫోటో, దాని వెనక ఒక నంబరు, క్రిస్మస్‌కి ముందు టీచరు పక్కన కూచుని రాసిన థాంక్యూ ఉత్తరం. వేపేరిలోనో పెరంబూరులోనో ఆరాధన అయ్యాక కరీబియన్ దేశం హైతీ పిల్లల కోసం కవర్లు పంచితే, ఒకప్పుడు పుచ్చుకున్న ఇళ్ళే ఇప్పుడు ఇస్తాయి. అయితే హైతీని ఒంగోలులా ఊహించుకుంటే కుదరదు. ఇక్కడ మిషన్ బడి లేకపోతే సర్కారు బడి ఉంటుంది. అక్కడ చాలాచోట్ల మిషన్ బడి లేకపోతే ఇంకేమీ ఉండదు.

దీనికి మూలం అప్పు. బానిసలు ఫ్రెంచి పాలన మీద తిరగబడి 1804లో స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశం మీదికి 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపింది. తోటలు పోగొట్టుకున్న యజమానులకి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. 1838లో దాన్ని 9 కోట్లకి తగ్గించారు. అది కట్టడానికి తెచ్చిన అప్పుల తోక తెగేసరికి 1947 వచ్చింది. ఖజానాలో బడికి మిగిలింది తక్కువ. 1860లో వాటికన్‌తో ఒప్పందం కుదిరాక ఫ్రాన్స్ నుంచి కతోలిక బ్రదర్లు, సిస్టర్లు వచ్చి పట్నాల్లో బడులు పెట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో ప్రొటెస్టెంట్ మిషన్లు పల్లెలకి వెళ్ళాయి. ఆదివారం గుడి, సోమవారం అదే రేకుల షెడ్డులో బెంచీలు తిప్పి వేస్తే బడి. ఇప్పటికీ హైతీ బడుల్లో పదింట ఎనిమిదికి పైగా సర్కారువి కావు. వాటిలో చాలావరకు ఫీజు మీదే బతుకుతాయి.

పిల్లల ఇంటి మాట క్రెయోల్ (హైతీలో అందరూ మాట్లాడే భాష), పుస్తకం ఫ్రెంచి. 1979 నాటి సంస్కరణ క్రెయోల్‌ని తరగతిలోకి తెచ్చింది, 1987 రాజ్యాంగం దాన్ని అధికార భాష చేసింది. అయినా అర్థం కాని ఫ్రెంచిని బట్టీ పట్టడం పోలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషుగా పెరిగే చెన్నై పిల్లల తల్లిదండ్రులకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఫోటో, నంబరు పద్ధతికి బాగా పేరు తెచ్చింది కొరియా యుద్ధపు అనాథలు. పిల్లలకి స్పాన్సర్లని చూసిపెట్టే క్రైస్తవ సంస్థ కంపాషన్ 1952లో మొదలైంది వాళ్ళకోసమే. (అదే సంస్థ, విదేశీ నిధుల మీద హోంశాఖ ఆంక్షలు పెట్టాక, 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేసింది.) పద్ధతిలో లోపం ఒకటుంది. డబ్బు పిల్లవాడి పేరు మీద వస్తుంది, ఖర్చు మాత్రం తరగతి మీద పడుతుంది. 200 మంది ఉన్న బడిలో 60 మందికి స్పాన్సర్లు దొరికారనుకోండి. ఆ 60 మందికి ఫీజు, యూనిఫాం, బూట్లు, పుస్తకాలు, మధ్యాహ్నం అన్నం, చిక్కుడుగింజలు సమకూరతాయి. మిగతా 140 ఇళ్ళు ఫీజు బాకీ పడతాయి. జీతం మూడు నెలలు ఆగితే టీచరు వేరే దారి చూసుకుంటాడు. అప్పుడు యూనిఫాం వేసుకొచ్చిన ఆ 60 మందికీ పాఠం ఉండదు. మా మాట అడిగితే, చందాలో ముందు బడి నడిచే పది నెలల టీచర్ల జీతం పక్కన పెట్టి, మిగిలినదే పిల్లల పేర్ల మీద రాయాలి. ఆ పద్దుకి ఫోటో ఉండదు కాబట్టి కవరు నిండడం కష్టం, అది వేరే సంగతి.

బిల్లులు చూసేటప్పుడు డోలా దగ్గర జాగ్రత్త. హైతీ నాణెం గూర్డ్. 1912 నుంచి దశాబ్దాల పాటు అమెరికా డాలరుకి 5 గూర్డ్‌లుగా రేటు కట్టి ఉంచడంతో, 5 గూర్డ్‌లని ఒక డోలా అనడం అలవాటైపోయింది. అలాంటి నోటు లేదు, లెక్కలో మాత్రం ఉంది. ఇప్పుడు డాలరుకి సుమారు 130 గూర్డ్‌లు. బెంచీలకి 1,000 డోలా అని చీటీ వస్తే అది 5,000 గూర్డ్‌లు, అంటే 40 డాలర్ల లోపే. దాన్ని వెయ్యి డాలర్లుగా చదివితే పాతిక రెట్లు ఎక్కువ పంపుతాం.

ఇక్కణ్ణుంచి పంపడంలోనూ ఒక పొరపాటు ఉంది. విదేశాల నుంచి వచ్చే విరాళాలకి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం, బయటికి పోయే డబ్బుకి విదేశీ మారక చట్టం ఫెమా. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకునే వెసులుబాటు వ్యక్తులకే, ట్రస్టులకి కాదు. కాబట్టి ఈ వెసులుబాటు కింద సంఘం ఖాతాలో పోగేసి ఒక్కసారే పంపే దారి లేదు. ఎవరికి వారు పాన్ కార్డుతో బ్యాంకులో విదేశాలకి డబ్బు పంపే ఏ2 ఫారం నింపి, దాతృత్వ విరాళమని కారణం రాయాలి. దీనికి ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు (80జీ) రాదు. సొమ్ము చేరేది బడి పేరునున్న ఖాతాకో, దాన్ని నడిపే నమోదైన సంస్థకో కావాలి తప్ప నిర్వాహకుడి సొంత ఖాతాకి కాదు.

2021 జులైలో అధ్యక్షుడు మొయీజ్ హత్య జరిగాక రాజధాని పోర్ట్ ఒ ప్రిన్స్‌ని ముఠాలు పంచుకున్నాయి. ఆ అక్టోబరులో 17 మంది మిషనరీ బృందాన్ని ఎత్తుకుపోయి తలకి పది లక్షల డాలర్లు అడిగారు. 2024లో విమానాశ్రయమే నెలల తరబడి మూతపడింది. ఊరు వదిలిన కుటుంబాలు బడి గదుల్లో చాపలు పరుచుకున్నాయి. స్పాన్సర్ నంబరు బడికి కట్టి ఉంటుంది, పిల్లవాడు మాత్రం దక్షిణాన లె కాయ్‌లో మేనత్త ఇంటికి చేరి ఉంటాడు. పాత బడి పుస్తకంలో పేరు కొట్టేస్తారు, కొత్త బడి వాళ్ళు కాగితాలు అడుగుతారు. తొమ్మిదో తరగతి సర్కారు పరీక్షకి జనన పత్రం కావాలి. పరుగున ఇల్లు వదిలినవాళ్ళు అది తెచ్చుకోరు. నకలు తీయించాలంటే జాతీయ ఆర్కైవ్స్ చుట్టూ తిరగాలి, దాని ప్రధాన కార్యాలయం ఉన్నదేమో రాజధానిలో. ఆ నకలు ఖర్చు, తెచ్చేవాడి బస్సు చార్జీ కూడా చందా జాబితాలో రాసుకోవాలి.