గోరు తగిలితే గరగరమనే ముల్లు

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో ఒక చేప శాస్త్రీయ నామం మీద పాత తగువు మళ్లీ రేగింది. సీసాలోని చేపకు కొందరు విద్యార్థులు ‘పెథియా టిక్టో’ అని రాశారు. చీటీ మీద ఉన్నది ‘పుంటియస్ టిక్టో’. మార్కులు కోసేశారు.

1822లో గంగానది చేపల మీద పుస్తకం రాసిన హామిల్టన్ ఈ చేపను సిప్రినస్ అనే ప్రజాతి(జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు)లో చేర్చడం, ఆ తర్వాత మరో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే బార్బస్ అనడం పాత కథే. అసలు మలుపు 2012లో వచ్చింది. శ్రీలంకకు చెందిన రోహన్ పెతియగొడ, మాధవ మీగస్కుంబుర, కలన మదువగే దక్షిణాసియా పుంటియస్ చేపల ఎముకలు, డీఎన్ఏ తరచి చూసి, ఇదంతా ఒకే ప్రజాతి కాదని తేల్చారు. పెథియా, డాకిన్సియా, ద్రవిడియా అని వేరు కాపురాలు పెట్టించారు. పెథియా అన్నది సింహళంలో ఇలాంటి చిన్న చేపలను పిలిచే మాటే.

శ్రీకాకుళం చేపల బజారులో ఇలాంటి చిన్న చేపలను, అంటే పరిగెలను గంపెడు కొంటే ఇవేవీ ఎవరికీ పట్టవు, పులుసుకు ఆ అవసరమూ లేదు. టిక్టో వేలెడంత ఉంటుంది. వెండి ఒంటి మీద రెండు నల్ల మచ్చలు: మొప్ప దాటగానే ఒకటి, తోక ముందర ఇంకొకటి. గుడ్లు పెట్టే కాలంలో మగదానికి ఎర్ర ఛాయ వస్తుంది. కానీ తేల్చేది రంగు కాదు. వెన్నురెక్క ముందుండే గట్టి ముల్లు వెనకంచు మీద గోరు పెట్టి లాగితే రంపంలా గరగరమంటుంది. సోఫోరే పరిగెకు అదే ముల్లు నున్నగా ఉంటుంది. పుంటియస్‌కు మూలజాతి, అంటే ఆ ప్రజాతి పేరు ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉండే జాతి, సోఫోరే కాబట్టి పాత పేరు దానికే దక్కింది. టిక్టో బయటికొచ్చింది.

సిలబస్ పుస్తకంలో ఉన్నదే జవాబని పాత పేరు వైపున్న అధ్యాపకుల పట్టు. కొత్త పేర్లు నిలవవంటూ ఏడాదికే మాయమైన ద్రవిడియాను చూపిస్తారు. మాయమైన మాట నిజమే. ఆ పేరు అప్పటికే ఒక ఈగల ప్రజాతికి ఉంది, జంతువుల్లో ఒకే ప్రజాతి పేరు రెండింటికి చెల్లదు. 2013లో పెతియగొడే దాన్ని హాలుదారియాగా మార్చారు. హాలుదార్ అంటే హామిల్టన్ చేపలకు బొమ్మలు వేసిన బెంగాలీ కుర్రవాడు. కుంచె పట్టినవాడికి దాదాపు 2 శతాబ్దాల తర్వాత దక్కిన గుర్తింపు! పేరు మారినా ఆ చేపల గుంపు చెదరలేదు. పెథియాకు ఆ తంటా కూడా రాలేదు.

ల్యాబు సీసాలోని చేపకు ఫార్మలిన్‌లో ఎర్ర ఛాయ ఎప్పుడో పోయింది, మచ్చలూ మాసిపోయాయి. ముల్లు మీది రంపపు పళ్లను మాత్రం భూతద్దం పెడితే ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు.