కడుతున్నారంటే ఇష్టమున్నట్టేనా? మడపాం టోల్ గొడవ వెనక కథ

ఏప్రిల్ 1 వస్తే టోల్ రేట్లు మారతాయి, శ్రీకాకుళం జిల్లా మడపాం టోల్ గేటు దగ్గర మాటామాటా కూడా అప్పుడే పెరుగుతుంది. ఇప్పుడు దీనికి ఇంకో వాదన తోడైంది. భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోంది కదా, అమెరికాలోలా డబ్బు కట్టేవాళ్లకి వేరే ఎక్స్‌ప్రెస్ లైన్ పెట్టేస్తే పోలే, జనం ఇప్పుడు మాత్రం కట్టట్లేదా అని.

స్వర్ణ చతుర్భుజి (ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాల్ని కలిపే హైవే పథకం) ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు అన్నది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. తిరకాసంతా ఒక్కచోటే ఉంది. మన జిల్లాలో పక్కన కొత్త రోడ్డు వెయ్యలేదు, ఉన్న ఎన్‌హెచ్ 5నే (ఇప్పటి ఎన్‌హెచ్ 16) వెడల్పు చేసి టోల్ పెట్టారు, నిన్నటిదాకా ఊరికే తిరిగిన రోడ్డుకే రేటు కట్టారన్నమాట. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం రావాలంటే వంశధార దాటాలి, దగ్గర దారంటే మడపాం వంతెనే. కట్టకపోతే ఏటి సేస్తాం, ఎగిరెల్తామా అంటారు డ్రైవర్లు.

అమెరికాలో మొదలైన తీరు వేరు. కాలిఫోర్నియాలో 91 నంబర్ ఫ్రీవే మధ్యలో 1995 డిసెంబర్‌లో ఓ ప్రైవేట్ కంపెనీ నాలుగు కొత్త లైన్లు వేసింది, సుమారు 10 మైళ్లు. పక్కన పాత ఫ్రీ లైన్లు అలాగే ఉన్నాయి, టోల్ గంటని బట్టి మారుతుంది. జామ్‌లో కూర్చుంటావా, డబ్బు పెడతావా అన్నది డ్రైవర్ ఇష్టం. అందుకే అక్కడ లెక్క తీయగలిగారు, గంట మిగిలితే దాదాపు గంట జీతమంత పెట్టడానికి రెడీగా ఉన్నారని తేలింది. అదీ రోజూ కాదు, చాలామంది అవసరం పడ్డ రోజే ఎక్కుతారు. మినియాపొలిస్‌లో ఇలాంటి లైన్లలో అయితే ఇంకా చిత్రం, రేటు పెరిగితే ముందర జామ్ ఉందేమోననుకుని ఇంకొంతమంది ఎక్కేవాళ్లట.

కానీ 91 కాంట్రాక్టులో ఓ మెలిక ఉండేది. రెండు పక్కలా మైలున్నర లోపు ప్రభుత్వం 2030 దాకా ఫ్రీ రోడ్డుని పెంచకూడదు. ఫ్రీ లైన్లు ఎంత ఇరుకైతే కంపెనీకి అంత లాభం! జనం తిట్టారు, కోర్టుకెక్కారు, చివరికి 2003లో ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 20.75 కోట్ల డాలర్లు పెట్టి కొనేసుకుంటే గానీ ఆ మెలిక వదల్లేదు.

ఇక్కడ ప్రభుత్వం వైపు మాట ఏంటంటే రోడ్డు బాగుపడింది, టైమూ డీజిలూ మిగులుతున్నాయి, రేటు 2008 రూల్స్ ప్రకారమే పెరుగుతోంది. నిజమే, కాదనట్లేదు. కానీ అవే రూల్స్‌లో చవక లోకల్ నెల పాస్ 20 కిలోమీటర్ల లోపు వాళ్లకే, టెక్కలి వాడికి రాదు. రానుపోను ఒకటిన్నర రెట్లే గానీ 24 గంటల్లో తిరిగి రావాలి, శ్రీకాకుళం రిమ్స్ ఆస్పత్రిలో పేషెంట్‌ని చేర్చి రెండ్రోజులు ఆగితే రెండుసార్లూ ఫుల్ టోలే. 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయలకి 200 ట్రిప్పుల పాస్ ఇచ్చారు, సొంత కార్లకి హాయి, ఎల్లో బోర్డు (కిరాయి బండ్ల) వాళ్లకి మాత్రం లేదు, మరి ఈ రోడ్డు మీద బతికేది వాళ్లే కదా.

ఫ్లైట్ టైమైపోతున్నవాడు ఎక్స్‌ప్రెస్ లైన్‌కి కడతాడు, డౌట్ లేదు. అయితే ఆ లైన్ కొత్తగా వేస్తారా, నరసన్నపేట-ఆనందపురం మధ్య ఉన్న ఆరు లైన్లలోంచే రెండు కోసి పెడతారా అన్నది అడిగేవాళ్లు ముందు చెప్పాలి.