చింతతోపు వివాదం: వీలునామా ఒక్కటే ఎందుకు సరిపోలేదు

చిత్తూరు జిల్లా పలమనేరు దాటాక, కౌండిన్య అడవి అంచున ఉన్న ఆరెకరాల చింతతోపు పేరు మళ్లీ వినిపిస్తోంది. రిటైరైన బడి అయ్యవారు ఒకాయన, తాను పోయాక ఆ తోపు ఊరి ట్రస్టుకు చెందాలని, మాను కొట్టకుండా, కంచె వేయకుండా అలాగే వదిలేయాలని వీలునామా రాశారు. ఆయన పోయిన తర్వాత అది చెల్లదని కొడుకులు కోర్టుకెళ్లారు. కేసు నడుస్తుండగానే పోయిన వారం ఎవరో వచ్చి తోపు గట్టు మీద హద్దురాళ్లు పాతిపోయారు. దాంతో ఊళ్లో మళ్లీ టెన్షన్ మొదలైంది.

రాజులు గుళ్లకు మాన్యాలిచ్చిన కాలం నుంచి ఇనాముల రద్దు, సీలింగు చట్టం దాకా మన జిల్లాలో దానభూముల కథ అందరికీ తెలిసిందే. ఈ గొడవ అర్థం కావడానికి అంత వెనక్కి పోనక్కర్లేదు. 2020 మే నెల చివరి వారం చాలు. ఇవాళ రెండు పక్షాలూ చూపిస్తున్నది ఆ వారాన్నే.

అవి లాక్‌డౌన్ రోజులు. కొండ మీద భక్తులకు దర్శనాలు లేవు. అలాంటప్పుడు, భక్తులు స్వామికి రాసిచ్చిన 50 ఆస్తులను వేలం వేయాలని తిరుమల తిరుపతి దేవస్థానం అనుకున్న సంగతి బయటికొచ్చింది. వాటిలో 26 ఆంధ్రప్రదేశ్‌లో, 23 తమిళనాడులో, ఒకటి రిషికేశ్‌లో ఉన్నాయి. అన్నీ చిన్న చిన్న ముక్కలని, చూసుకోవడం కష్టమని, ఆక్రమణల పాలవుతాయని దేవస్థానం చెప్పింది. మొత్తం అమ్మినా వచ్చేది సుమారు 24 కోట్ల రూపాయలు. 1974 నుంచి 2014 వరకు 129 ఆస్తులు ఇలాగే అమ్ముడయ్యాయన్న లెక్కా అప్పుడే బయటపడింది. అన్నేళ్లూ ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ మేలో మాత్రం జనం అడిగారు. మా తాత ఇచ్చింది స్వామికి కదా, అమ్ముకోవడానికి ఇచ్చాడా అని. మే 25న ప్రభుత్వం అమ్మకాన్ని నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 28న ధర్మకర్తల మండలి సమావేశమై, భక్తులిచ్చిన స్థిరాస్తులను అమ్మకూడదని తీర్మానించింది.

కొడుకులు ఈ కథలో మొదటి సగం పట్టుకున్నారు. స్వామి ఆస్తులకే వేలం దాకా వచ్చింది, ఊళ్లో ఏడుగురు కలిసి పెట్టుకున్న ట్రస్టు రేపు మా నాన్న భూమిని అమ్మదని ఏంటి నమ్మకం అంటున్నారు. బెంగళూరు రోడ్డు పక్కన ఎకరం ధర ఎలా ఉందో తెలిసినవాళ్లకు అది వట్టి అనుమానం అనిపించదు.

ఊరివాళ్లు రెండో సగం పట్టుకున్నారు. వాళ్ల మాట వినాలంటే తోపులోకి వెళ్లి నిలబడాలి. నడుమ ఒక గుంట, ఎండాకాలంలోనూ అడుగున కొంచెం నీళ్లుంటాయి. గుంట పక్కన రెండు చింతమాన్లకు మనిషి తలకంటే ఎత్తున బురద ఎండి అంటుకుని ఉంది. ఏనుగులు నీళ్లు తాగి, బురద చల్లుకుని, ఒళ్లు రుద్దుకున్న గుర్తులవి. తోపు లేకపోతే అవి ఆగవు, నేరుగా మా టమాటా తోటల మీద పడతాయి అని ఒక రైతు చేత్తో దారి గీసి చూపించాడు. అయ్యవారికి ఆ సంగతి తెలుసు, అందుకే రాశాడు అంటారు వాళ్లు. ఆయన ఇచ్చింది భూమి ఒక్కటే కాదు, ఆ భూమితో చేయాల్సిన పని కూడా చెప్పి ఇచ్చాడు. 2020లో జనం తమ తాతల తరఫున అడిగింది ఇదే.

ఏనుగులు ఈ ప్రాంతానికి 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చాయి. వాటి కోసమే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. దాని హద్దు మ్యాపులో ఉంది. నీళ్లు మాత్రం హద్దుకు ఇవతల కూడా ఉన్నాయి. 2025 మేలో కర్ణాటక ఇచ్చిన కుంకీ ఏనుగులకు, అంటే అడవి ఏనుగులను మళ్లించేలా తర్ఫీదిచ్చిన ఏనుగులకు, పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. కుంకీలు పంట మీద పడిన గుంపును అడవిలోకి మళ్లించగలవు. అడవి పక్కన పట్టా పొలం లేఅవుట్ కాకుండా మాత్రం ఆపలేవు. అది పొలం యజమాని చేతిలోనే ఉంది.

ఇలాంటి భూముల విలువ కేరళలో ముందే గుర్తించారు. వయనాడ్‌లో తిరునెల్లి-కుద్రకోట్ ఏనుగుల దారి కోసం వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ప్రైవేటు భూములు కొని, అక్కడి కుటుంబాలకు వేరేచోట ఇళ్లూ పొలాలూ చూపించి, ఆ దారిని అటవీ శాఖకు అప్పగించింది. అక్కడ డబ్బు పోసి కొన్నదాన్ని ఇక్కడ ఒక మనిషి ఊరికే ఇవ్వాలనుకున్నాడు. దానికి ఆయనకు ఒరిగేదేమీ లేదు. మన దగ్గర పోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను, ఎస్టేట్ డ్యూటీ, 1985లోనే రద్దయింది కాబట్టి, ఆస్తి దానంగా రాసిపోతే పన్ను తగ్గుతుందన్న లెక్క లేదు. ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే, భూమికి రాదు. అడవులు, వన్యప్రాణుల రక్షణను 2009 నుంచి పన్ను చట్టం ధర్మకార్యంగా పేరుపెట్టి గుర్తించింది. అయినా రైతు భూమి ఇస్తే అది ప్రేమకొద్దీ ఇచ్చినట్టే.

మరి ఎక్కడ చెడింది? వీలునామా దగ్గరే.

వీలునామా రాసిన మనిషి బతికున్నంత వరకు దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అది అమల్లోకి వచ్చేది ఆయన పోయాకే, అంటే జవాబు చెప్పాల్సిన మనిషి లేనప్పుడు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గొడవ వస్తే సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి. అయ్యవారి సాక్షుల్లో ఒకరు ఇప్పుడు లేరు, రెండో ఆయన వయసు ఎనభై దాటింది. పైగా ఆరెకరాల్లో నాలుగు ఆయన స్వార్జితం, రెండు పిత్రార్జితం. పిత్రార్జితంలో ఆయన రాయగలిగింది తన వాటా మాత్రమే. గుంట ఉన్నది ఆ రెండెకరాల్లోనే. కొడుకుల లాయరు పట్టుకున్నది కూడా ఆ గుంటనే.

దాన దస్తావేజు రాసి ఉంటే? చాలామంది భయం ఒకటే, ఇవాళ రాసిస్తే రేపు మనల్ని తోపులోంచి పొమ్మంటారేమో అని. ఆ భయం అక్కర్లేదు. తెలుగు నేల నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2014లో స్పష్టంగా చెప్పింది: దాత బతికినన్నాళ్లు అనుభవం తన దగ్గరే ఉంచుకుని కూడా స్థిరాస్తిని దానం చేయొచ్చు. రిజిస్ట్రేషన్ కావాలి, దాత బతికుండగానే పుచ్చుకునేవాళ్లు అంగీకరించాలి. అంటే కనీసం ఆ నాలుగెకరాలనైనా అయ్యవారు ఎప్పటిలాగే ఏటా చింతపండు రాల్పించుకుంటూ ట్రస్టుకు ఇచ్చేసి ఉండొచ్చు. కొడుకులు ఒప్పుకోకపోతే ఆయన బతికున్నప్పుడే ముఖం మీద అడిగేవాళ్లు, ఆయనే జవాబు చెప్పేవారు.

డబ్బు సంగతి కూడా ఉంది. 2020లో దేవస్థానం చెప్పిన కారణంలో నిజం ఒకటుంది: చూసుకునే దిక్కులేని ముక్క నిలవదు. తోపు చుట్టూ ఏటా ఎండలు ముదరకముందే మంటలు పాకకుండా గడ్డీ పొదలూ తీసి ఫైర్ లైన్ కొట్టాలి, గుంటలో పూడిక తీయాలి, కాపలా మనిషికి జీతమివ్వాలి. వీలునామాలో దానికి రూపాయి రాయలేదు. ట్రస్టుకున్న ఆదాయమల్లా ఫలసాయం వేలమే. కేసు వల్ల ఈ ఏడు అదీ ఆగింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ట్రస్టు చేతిలో ఉన్నా, కొడుకుల చేతిలో ఉన్నా, కొన్నవాళ్ల చేతిలో ఉన్నా తోపు తోపుగానే ఉండే దారి ఒకటి 2003 ఏప్రిల్ నుంచీ మన చట్టంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ప్రైవేటు భూమి యజమాని తనంతట తాను ముందుకొస్తే రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. ఆ తర్వాత భూమి వాడకం మార్చాలంటే నిర్వహణ కమిటీ తీర్మానం, దాని మీద ప్రభుత్వ ఆమోదం ఉండాలి. మొదట్లో ఆ కమిటీలో పంచాయతీ ఎంపిక చేసినవాళ్లు, అటవీ శాఖ మనిషి ఉండేవారు, యజమానికంటూ చోటు లేదు. తన పొలం మీద తన మాటే చెల్లదంటే ఏ రైతు ముందుకొస్తాడు? 2022 సవరణ దాన్ని సరిదిద్దింది. ప్రైవేటు భూమి అయితే కమిటీలో యజమాని, అటవీ శాఖ ప్రతినిధి, పంచాయతీ ప్రతినిధి ఉంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది.

అప్పటికి అయ్యవారు బతికే ఉన్నారు, రోజూ సాయంత్రం తోపుకు నడిచి వెళ్లేవారు. ఈ సంగతి ఆయనకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు ఆయన కూతురు ఆ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలని ఫారెస్టు ఆఫీసులో అడిగి వచ్చింది. యజమాని సంతకం కావాలన్నారు. ఆ యజమాని ఎవరన్నదే కోర్టులో ఉంది.