చలినీళ్లలో జింక తోక

అమెరికాలో టెనెసీ, కెంటకీ రాష్ట్రాల సరిహద్దులో డేల్ హాలో అనే రిజర్వాయర్ ఉంది. 1955లో అక్కడ గాలానికి పడిన 11 పౌండ్ల 15 ఔన్సుల స్మాల్‌మౌత్ బాస్ అనే చేప, అంటే మన లెక్కలో దాదాపు 5.4 కిలోలు, ఇప్పటికీ ప్రపంచ రికార్డే. అది పడింది జులైలో. నాకు మాత్రం అక్కడి చలికాలం వేటే ఎక్కువ ఆసక్తి.

నీళ్లు 10 డిగ్రీల కిందికి దిగాక బాస్ మందగిస్తుంది. ఒంట్లో వేడి పుట్టించుకునే జీవి కాదు కదా, నీళ్లు చల్లబడేకొద్దీ దాని అరుగుదల, ఆకలి, ఓపిక అన్నీ తగ్గిపోతాయి, పరుగెత్తే ఎర వెంట పెద్దగా పడదు. పైగా ఆ ప్రాంతంలో బాస్ తినే థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే చిన్న చేపలు చలికి తట్టుకోలేవు, నీళ్లు 5, 6 డిగ్రీలకు వచ్చేసరికి ఈదలేక వణుకుతూ చచ్చిపోతాయి. రెండు గ్రాముల లోపు వెంట్రుకల ఎరని, అంటే జిగ్‌ని, బెండు కింద మూడు మీటర్ల లోతున వేలాడదీసి అలలకు వదిలేస్తే సరిగ్గా ఆ వణుకే కనిపిస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ ఎర చలికి బిగుసుకుపోతుంది, వెంట్రుక బిగుసుకోదు.

జిగ్ అంటే పెద్ద యంత్రమేం కాదు. ముల్లు, దాని మెడ దగ్గర చిన్న సీసం గుండు, వెనక దారంతో కట్టిన కాసిన్ని వెంట్రుకలు. ఎక్కువమంది వాడేది తెల్లతోక జింక తోక. దాని మొదట్లో ఉండే వెంట్రుకలు కాస్త గుల్లగా ఉంటాయి కాబట్టి దారం బిగించగానే నొక్కుకుపోయి నెమలి పురిలా విచ్చుకుంటాయి. కొసవైపువి గట్టివి, బుద్ధిగా పడుకుంటాయి. ఒక్క తోకతోనే రెండు రకాల ఎరలన్నమాట! మారబూ అని అమ్మేది మాత్రం ఇప్పుడు టర్కీ కోడి మెత్తటి ఈక, మారబూ అనే కొంగ పేరొక్కటే మిగిలింది.

ముల్లుని వైస్ అనే చిన్న పట్టులో బిగించి, దారం నాలుగు చుట్లు వేసి, అగ్గిపుల్ల మందం కట్టలు రెండు మూడు పెట్టి గట్టిగా చుట్టి, ముడి మీద నెయిల్ పాలిష్ రాస్తే అయిపోయినట్టే. నేను మొదటిసారి కట్టింది షేవింగ్ బ్రష్‌లా వచ్చింది. వెంట్రుకలు ఎక్కువైతే నీళ్లు అడ్డుపడి ఎర నిదానంగా దిగుతుంది, అది మంచిదే, కానీ ఒత్తుగా ఉన్నవి ఒకదాన్నొకటి కదలనివ్వవు, కదలకపోతే ఇంత కష్టం ఎందుకు?

సీసం 327 డిగ్రీలకే కరుగుతుందని ఇంట్లోనే అచ్చు పోస్తుంటారు. ఆ పని నాకు టెన్షన్. కరిగిన సీసంలోకి నీటి చుక్క పోయిందంటే ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. తెగిపోయిన గుళ్లను లూన్ పక్షులు మింగి చనిపోతున్నాయని న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఔన్సు, అంతకు తక్కువ బరువున్న సీసం జిగ్‌లను నిషేధించారు కూడా. సీసానికి బదులు బిస్మత్ అనే లోహమైతే 271 డిగ్రీలకే కరుగుతుంది, బరువులో సీసం కన్నా కొంచెమే తక్కువ.

ఇది చదివి ఇక్కడ జింక వెంట్రుకల కోసం వెతక్కండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. మేక వెంట్రుకతో కట్టి చూడండి, జింకదిలా విచ్చుకోదు గానీ నీళ్లలో బాగానే ఊగుతుంది.