మంచు మీద పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు

ప్రియమైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

అండర్-19 క్రికెట్ ప్రపంచ కప్ గురించి మీకు తెలుసు. ఫైనల్‌కి వస్తే చూస్తాం, మనవాళ్లు గెలిస్తే సంబరపడతాం. లీగ్ మ్యాచ్‌లు ఎప్పుడు జరిగాయో మాత్రం చాలామందికి గుర్తుండదు. కెనడాలో అలా కాదు. ఇక్కడ కుర్రాళ్ల ఆటకి పెద్దవాళ్ల ఆటకున్నంత పట్టింపు ఉంది. ఏటా క్రిస్మస్ మర్నాడు, డిసెంబర్ 26న, ఇరవై ఏళ్ల లోపు వాళ్ల ప్రపంచ ఐస్ హాకీ పోటీ మొదలవుతుంది. జనవరి 5 దరిదాపుల్లో ఫైనల్. దీన్ని 'వరల్డ్ జూనియర్స్' అంటారు. ఆ పది రోజులూ ఎవరింటికి భోజనానికి వెళ్లినా టీవీలో అదే. ఎడ్మంటన్‌లో మా అబ్బాయి దగ్గర ఉండబట్టి నాకూ ఈ పిచ్చి అంటుకుంది. ఇక్కడి మన తెలుగు పిల్లలు కొందరు స్కేట్స్ కట్టుకుని రింకులో, అంటే ఆ మంచు మైదానంలో, దిగి ఆడుతున్నారు. వాళ్లని విసిగించి తెలుసుకున్నదీ, నేను చూసిందీ, చదివిందీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆట. అరవై మీటర్ల పొడవున్న మంచు గచ్చు మీద ఒక్కో వైపు ఆరుగురు ఉంటారు. అందులో ఒకడు గోలీ, అంటే గోల్ కీపర్. బంతి ఉండదు, దాని బదులు గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాన్ని పక్ అంటారు. బరువు 170 గ్రాముల లోపే. మ్యాచ్‌కి ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు, మంచు మీద ఎగరకుండా జారిపోవాలని. ఇరవయ్యేసి నిమిషాల ఆట మూడు సార్లు. ఆట ఆగినప్పుడల్లా గడియారమూ ఆగుతుంది కాబట్టి మొత్తం అయ్యేసరికి రెండున్నర గంటలు పడుతుంది. ఆరుగురే ఆడే ఆటకి జట్టులో ఇరవై మందికి పైగా ఎందుకని నేనూ అడిగాను. ఆ వేగంతో ఎవడూ ముప్పావు నిమిషం కంటే ఎక్కువ ఆడలేడట. అలిసిపోయినవాడు బెంచీ వైపు వస్తుంటేనే ఇంకొకడు గోడ దూకి లోపలికి వెళ్లిపోతాడు. ఆట మాత్రం ఆగదు. మొదట్లో నాకు ఎవరు ఎవరో తెలిసేది కాదు. పక్‌ని వెతకడం మానేసి, కుర్రాళ్లంతా ఎటు ఒరుగుతున్నారో చూడమని ఒక పిల్లాడు చెప్పాడు. అప్పటినుంచి కాస్త నయం.

తప్పు చేసినవాణ్ని రెండు నిమిషాలు పక్కన అద్దాల పెట్టెలో కూర్చోబెడతారు. కబడ్డీలో మనిషి తగ్గితే జట్టు ఎలా ఒదిగి ఆడుతుందో, ఇక్కడా ఆ రెండు నిమిషాలూ అలాగే ఆడాలి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది. ఒక గోల్ వెనకబడి టైమ్ అయిపోతోందంటే కోచ్ తన గోలీనే బయటికి పిలిచేస్తాడు. అతని బదులు ఇంకో ఆటగాడు వస్తాడు. కొట్టడానికి ఆరుగురు దొరికారు, వెనక నెట్ మాత్రం ఖాళీ. ఇంత తెగింపు ఉన్న పద్ధతి నాకు ఇంకే ఆటలోనూ కనబడలేదు.

వయసు లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది. 2025 పోటీలో ఆడాలంటే 2005 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ పుట్టి ఉండాలి. 2004 డిసెంబర్ 31న పుట్టినవాడు ఎంత మొనగాడైనా ఇంట్లో కూర్చుని చూడాల్సిందే. అందుకే ఏ కుర్రాడికైనా ఇందులో దొరికేది ఒకటో రెండో అవకాశాలు. బాగా చిన్న వయసులోనే ఎంపికైతే మూడు. జట్టులో చాలామంది ఏటా మారిపోతారు. చూడ్డానికి ఒక చిట్కా చెబుతాను. ముఖమంతా ఇనప జాలీ ఉన్నవాడు కనబడితే వాడికింకా పద్దెనిమిది నిండలేదన్నమాట. పద్దెనిమిది దాటినవాళ్లు కళ్లకి అడ్డంగా సగం అద్దం పెట్టుకుంటే చాలు. 2023లో హాలిఫాక్స్, మాంక్టన్ ఊళ్లలో జరిగిన పోటీలో అలాంటి జాలీ పిల్లాడే కానర్ బెడార్డ్, పదిహేడేళ్లవాడు. కొట్టిన గోల్స్, కొట్టించిన గోల్స్ కలిపి ఏడు మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు తెచ్చుకున్నాడు. అంతకంటే ఎక్కువ తెచ్చుకున్నవాడు లేకపోలేదు. 1993లో స్వీడన్ కుర్రాడు పీటర్ ఫోర్స్‌బర్గ్ ఏడు మ్యాచ్‌ల్లో 31 సాధించాడు. వేన్ గ్రెట్స్కీ పేరు విన్నారా? ఐస్ హాకీలో ఆయన్ని మించినవాడు లేడంటారు. ఆయన 1978లో ఇక్కడ ఆడినప్పుడు పదహారేళ్లవాడు. ఆ పోటీలో అందరికంటే ఎక్కువ పాయింట్లు ఆయనవే. అయినా కెనడాకి దక్కింది కాంస్యమే.

పోటీ అధికారికంగా మొదలైంది 1977లో, చెకోస్లొవేకియాలో. మొదటి నాలుగేళ్లూ సోవియట్ కుర్రాళ్లే గెలిచారు. కెనడా వంతు 1982లో వచ్చింది. అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని రాచెస్టర్ అనే ఊళ్లో చివరి మ్యాచ్ డ్రా చేసుకుని స్వర్ణం ఖాయం చేసుకున్నారు. పతకాలిచ్చే వేళకి చూస్తే అక్కడ కెనడా జాతీయ గీతం రికార్డు లేదు! కుర్రాళ్లు వరసలో నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని తామే పాడేశారు. గీతం వినిపించే ఏర్పాటు కూడా చేసుకోలేని చిన్న పోటీగా ఉండేది అప్పట్లో. ఇప్పుడు కెనడాలో ఏ ఊళ్లో జరిగినా టికెట్టు కొనాలంటే జేబు తడుముకోవాలి.

1987 సంగతి దాచిపెట్టను. జనవరి 4న చెకోస్లొవేకియాలోని పియెష్త్యానీ అనే ఊళ్లో కెనడా, సోవియట్ జట్లు ఆడుతున్నాయి. కెనడా 4-2తో ముందుంది, పతకం ఎలాగూ ఖాయమే. ఇద్దరు కుర్రాళ్ల మధ్య మొదలైన తగువు ముదిరి, రెండు బెంచీల మీదున్నవాళ్లూ మంచు మీదికి దూకి తన్నుకున్నారు. ఆపడం చేతకాక నిర్వాహకులు స్టేడియంలో లైట్లు ఆర్పేశారు. చీకట్లో కొట్టుకుంటే తగ్గుతుందని ఎవరికి తట్టిందో గానీ, తగ్గలేదు. రెండు జట్లనీ పోటీలోంచి తీసేశారు. స్వర్ణం ఫిన్లాండ్‌కి వెళ్లింది. ఇక్కడివాళ్లు ఇప్పటికీ దీన్ని కథలా నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాదు. బెంచీ పక్కన నిలబడ్డ కోచ్‌లు పెద్దవాళ్లు కదా, వాళ్లేం చేస్తున్నట్టు?

ఈ పోటీలో నన్ను కట్టిపడేసేది ఒకటుంది. ఎంత ముందున్నా చివరి నిమిషం దాకా నమ్మకం లేదు. ఆడేవాళ్లు ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే వయసువాళ్లు. ఒక గోల్ పడిందంటే పెద్దవాళ్లు ఊపిరి పీల్చుకుని సర్దుకుంటారు. వీళ్లకి టెన్షన్ ఒకరి నుంచి ఒకరికి పాకిపోతుంది. 2009లో ఒటావాలో సెమీ ఫైనల్. రష్యా 5-4తో ముందుంది. కెనడా గోలీని బయటికి పిలిచింది. ఇంకా 5.4 సెకన్లు ఉందనగా జోర్డన్ ఎబర్లీ అనే కుర్రాడు గోల్ కొట్టాడు. సెకన్లు కాదు, గడియారం రెప్పపాట్లు అనాలి! ఆ మ్యాచూ, తరవాత ఫైనలూ కెనడాయే గెలిచింది, వరసగా అయిదోసారి. మరుసటి ఏడు సాస్కటూన్ ఫైనల్లో అమెరికా 5-3తో ముందుంటే, మళ్లీ ఆ ఎబర్లీయే చివరి మూడు నిమిషాల్లో రెండు కొట్టి సమం చేశాడు. ఈసారి ఓవర్‌టైమ్‌లో జాన్ కార్ల్‌సన్ గోల్‌తో అమెరికా గెలిచింది. అద్భుతాలు రెండేళ్లూ ఒకడే చేసినా, ఫలితం మాత్రం ఒకలా రాలేదు.

2011లో అమెరికాలోని బఫలోలో కెనడాకీ రష్యాకీ ఫైనల్. కెనడా వైపు జనం ఎక్కువ. రెండు భాగాలయ్యేసరికి 3-0తో కెనడా ముందుంది. చివరి ఇరవై నిమిషాల్లో రష్యా అయిదు గోల్స్ కొట్టింది. మర్నాడు ఆ విజేతలు విమానంలో మితిమీరి అల్లరి చేస్తే సిబ్బంది దింపేశారు. గెలిచినా ఓడినా పిల్లలు పిల్లలే.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న మ్యాచ్. 2019 జనవరి 2, వాంకూవర్, క్వార్టర్ ఫైనల్. కెనడా, ఫిన్లాండ్. కెనడా కెప్టెన్ మాక్సీమ్ కాంత్వా, పంతొమ్మిదేళ్లవాడు. మొదటి రోజు డెన్మార్క్ మీద కెనడా 14-0తో గెలిస్తే, అందులో నాలుగు ఇతనివే. క్వార్టర్ ఫైనల్లో కెనడా 1-0తో ముందుంది. ఇంకా 46 సెకన్లుందనగా ఫిన్లాండ్ సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో ఒక్క గోల్ పడితే చాలు, ఆట అయిపోతుంది. కెనడా ఆటగాణ్ని వెనకనుంచి పడేసినందుకు పెనాల్టీ షాట్ దొరికింది. అంటే ఒక్కడే పక్ తీసుకుని వెళ్లి గోలీతో తలపడాలి. కోచ్ కెప్టెన్‌ని పంపాడు. ఫిన్లాండ్ గోలీ ఉక్కో-పెక్కా లూక్కొనెన్ ఆపేశాడు. కాసేపటికి ఇంకో కెనడా కుర్రాడు నోవా డాబ్సన్ ముందు నెట్ దాదాపు ఖాళీగా ఉంది. బలంగా కొట్టబోయాడు, చేతిలో కర్ర పుటుక్కున విరిగింది. ఆ పక్ తీసుకుని ఫిన్లాండ్ వాళ్లు అటు చివరికి పోయి గోల్ కొట్టేశారు. అంతా కొన్ని సెకన్లే.

ఆ రాత్రి కాంత్వా ఇన్‌స్టాగ్రామ్ నిండా బూతులు. రాసినవాళ్లు శత్రు దేశం వాళ్లు కాదు, సొంత దేశం వాళ్లే. అతను కామెంట్లు మూసేయాల్సి వచ్చింది. అతను భుజానికి దెబ్బ తగిలి కూడా ఆడాడని తరవాత బయటపడింది. తెలిస్తే ఆ బూతులు తగ్గేవా అంటే, తగ్గేవని నేను అనుకోను. దెబ్బ లేకపోయినా తిట్టకూడదు కదా. కోట్లు తీసుకునే ఆటగాణ్ని విసుక్కుంటే ఒక అర్థముంది, వీళ్లకి ఈ పోటీ ఆడినందుకు జీతం లేదు. ఇంత చిన్నవాళ్ల నెత్తిన దేశాన్నంతా ఎక్కించి, ఆడమని, పాడమని, గెలవమని కోరేదీ పెద్దవాళ్లే, ఓడితే వేలెత్తి చూపేదీ పెద్దవాళ్లే. మర్నాడు చాలామంది పాత ఆటగాళ్లు, అభిమానులు ఆ కుర్రాడి పక్షాన మాట్లాడారని కూడా చెప్పాలి. ఫిన్లాండ్ ఆ ఊపులో ఫైనల్ కూడా గెలిచింది. అమెరికా మీద 3-2. చివరి గోల్ కాపో కాక్కోది, వయసు పదిహేడు.

పై వరసలో పది దేశాలే ఆడతాయి. అయిదేసి జట్ల రెండు గ్రూపులు. అడుగున మిగిలినవాళ్లు కింది డివిజన్‌కి దిగిపోతారు, కింద గెలిచినవాళ్లు పైకి వస్తారు. రష్యా, బెలారస్ జట్లని 2022లో పక్కన పెట్టారు. చిన్న దేశాలకి ఈ పది మందిలో నిలబడటమే పెద్ద పండగ. లాత్వియా అని ఒక దేశం. దేశం మొత్తం జనాభా మన విశాఖపట్నం నగరంతో ఇంచుమించు సమానం. 2024 డిసెంబర్ 27న ఒటావాలో ఆ లాత్వియా కుర్రాళ్లు కెనడాని షూటౌట్‌లో 3-2తో ఓడించారు. వాళ్ల గోలీ లినార్డ్స్ ఫెల్డ్‌బెర్గ్స్ ఆ రాత్రి యాభైకి పైగా షాట్లు ఆపాడు. ఆ పోటీలోనే క్వార్టర్ ఫైనల్లో చెక్ జట్టు కెనడాని ఇంటికి పంపింది. అంతకుముందు ఏడు స్వీడన్‌లోనూ పంపింది వాళ్లే. కెనడా ఇళ్లలో రెండేళ్లూ కొత్త సంవత్సరం నీరసంగానే మొదలైంది.

మన దేశం ఇందులో లేదు. కానీ ఐస్ హాకీ మనకి లేనే లేదనుకోకండి. లద్దాఖ్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద పిల్లలు ఆడతారు. మన ఆడపిల్లల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. పన్నెండు నెలలూ మంచుండే రింకులు చాలినన్ని లేవు కనక మన జట్లకి సాధన చేసుకునే రోజులు తక్కువ. లాత్వియాతో పోల్చి జనాభా లెక్కలు వేసేముందు రింకుల లెక్క వేయాలి.

చూడాలనిపిస్తే ఒక ఇబ్బంది ముందే చెబుతాను. కెనడా తూర్పు వైపు ఊళ్లలో సాయంత్రం ఏడున్నరకి మొదలయ్యే మ్యాచ్ మీకు మర్నాడు పొద్దున్న ఆరింటికి వస్తుంది. మూడో భాగం, అంటే గోలీని బయటికి పిలిచే ఆ చివరి నిమిషాలు, సరిగ్గా మీ స్కూలు బస్సు వచ్చే వేళకి పడతాయి. సంక్రాంతి సెలవుల్లో చూద్దామంటే అప్పటికి పోటీ అయిపోతుంది. అమ్మని అడిగి చూడండి, ఫైనల్ రోజున ఒక్కపూట ఒప్పుకుంటుందేమో. నా పేరు మాత్రం చెప్పకండి.

మీ
తాతయ్య