బడబాగ్నికి ఆజ్యం నీళ్ళే

"చుట్టూ సముద్రమే గదా సార్, ఆ కొండ ఎట్టా మండుద్ది? ఆరిపోవాలి గదా!"

ఒంగోలు దగ్గరి కొత్తపట్నం కుర్రాడొకడు అడిగాడు, అండమాన్‌లోని బారెన్ దీవి గురించి. శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఈశాన్యంగా సుమారు 140 కి.మీ. దూరంలో, 3 కి.మీ. వెడల్పున ఉంటుంది. మన దేశంలో ఇప్పటికీ లావా కక్కే అగ్నిపర్వతం అదొక్కటే.

మా నాయనమ్మయితే బడబాగ్ని అనేసి ఊరుకునేది. బడి పుస్తకాల్లో బొమ్మ ఇంకా అన్యాయం. భూమి నడిమధ్య నుంచి కొండ కొన దాకా ఎర్రటి గొట్టం గీసేస్తారు. అసలు భూమి పెంకు కింద ఉండే మాంటిల్ దాదాపుగా గట్టి రాయే. బారెన్ కింద దాన్ని కరిగిస్తున్నది నీళ్ళు!

నమ్మబుద్ధి కాకపోతే చేపల పెట్టె దగ్గరికి రండి. దిమ్మ పగలగొట్టి పరిచిన ఐసు మీద గుప్పెడు రాళ్ళుప్పు వేయండి. ఎవరూ వేడి చేయలేదు. అయినా ఉప్పు పడిన చోటల్లా గుంటలు పడి నీరు కారుతుంది. ఉప్పు తగిలితే ఐసు సున్నా డిగ్రీల దాకా ఆగదు, మైనస్ 21 దగ్గర కూడా కరగగలదు. మాంటిల్ రాయి ఐసు అనుకుంటే, నీళ్ళు ఆ ఉప్పు.

మరి వంద కి.మీ. లోతుకు ఉప్పు చల్లేదెవరు? ఇండియా పలక, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క. అండమాన్‌కు పడమట అది బర్మా పలక కిందికి దూరుతోంది. కోట్ల ఏళ్ళు సముద్రంలో నానిన రాయి కాబట్టి సర్పెంటైన్, యాంఫిబోల్ లాంటి ఖనిజాల స్ఫటికాల్లోనే నీరు ఇరుక్కుని ఉంటుంది. లోతుకెళ్ళేకొద్దీ ఒత్తిడికి, వేడికి అవి విరిగి నీటిని వదిలేస్తాయి. అది పైనున్న మాంటిల్‌లోకి ఇంకి, రాయి కరిగే ఉష్ణోగ్రతను వందల డిగ్రీలు దించేస్తుంది. కరిగిన రాయి పైకొచ్చేసరికి ఒత్తిడి తగ్గుతుంది. అందులోని నీరే ఆవిరై, గోలీసోడా కొట్టినట్టు లావాను ఎగజిమ్ముతుంది.

1787లో ఈ కొండ తొలిసారి రాతకెక్కింది. 1832 తర్వాత నూటయాభై ఏళ్ళకు పైగా పడుకుని 1991లో లేచింది. 2004లో మన తీరం మీదికి సునామీని తోసిన భూకంపం కూడా ఈ పలక దూరే చోట పుట్టిందే. 2005 మేలో కొండ మళ్ళీ రాజుకుంది, 2017లోనూ బూడిద చిమ్మింది.

"మనకూ వస్తదా సార్?" అన్నాడు. కొత్తపట్నం కింద ఏ పలకా దూరడం లేదబ్బాయ్. మన దగ్గరి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి ఒకప్పుడు కరిగి ఉన్నదే గానీ, అది వంద కోట్ల ఏళ్ళకు ముందే నేల లోపల చల్లారిపోయింది.